గదిని కక్ష అంటారిక్కడ

సిరోంచ దాటాక పద్దెనిమిది కిలోమీటర్లు.
ఆశ్రమశాల వరండా చివర
నీలం రేకు మీద తెల్ల పెయింటు:
సముపదేశన్ కక్ష్.
మరాఠీలో గది అని.
ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు కూడబలుక్కుని చదివి
‘ఎవరి మీద సార్ కక్ష?’ అన్నారట మొదట్లో.
తర్వాత అడగడం మానేశారు.

నేను వచ్చింది మార్కులెయ్యడానికి.
చేతిలో పదకొండు పేజీల నమూనా,
ఒకటి నుంచి ఐదు దాకా గళ్ళు.
గది ఉందా?
ఉంది. సగం శనగపప్పు బస్తాలు, గాలి దిగిన వాలీబాల్,
గడియ లేని తలుపు,
సరిగ్గా స్టాఫ్ రూము టీబల్ల మీదికి తెరుచుకునే కిటికీ.
రిజిస్టరు ఉందా?
ఉంది. ఏడాదికి రెండువందల పద్నాలుగు భేటీలు.
ప్రతి పేరుకీ ఎదురుగా ఒకే మాట, ఒకే సిరా,
ఒక్క మధ్యాహ్నం కూర్చుని రాసినట్టు:
సుధారణ.
అంటే అందరూ బాగుపడ్డారు.

సలహాల పెట్టె?
అదీ ఉంది. తాళంచెవి మాత్రం
పాత హెడ్మాస్టరుతో పాటే బదిలీ అయిపోయింది.
రాయితో కొట్టించాను.
లోపల కందిరీగ కట్టిన మట్టిగూడు,
నాలుగు చాక్లెట్ కాగితాలు,
చెదలు అంచు కొరికిన ఒక చీటీ:
‘మైకులో నా పేరు పిలవకండి.’

శనివారం ప్రార్థన కాగానే పిలుస్తారట.
ఈ వారం కక్ష్‌కి వెళ్ళేవాళ్ళు, ఫలానా, ఫలానా.
మూడువందల తలలు ఒక్కసారి వెనక్కి తిరుగుతాయి.
ఎండలో లేచి నిలబడాలి.

ప్రణాలీ అలోణే, కౌన్సెలర్,
తొమ్మిది బడులకు ఒక్క స్కూటీ,
నాలుగు నెలలుగా రాని కాంట్రాక్టు జీతం.
దబాయించలేదు, ఏడవలేదు.
‘సరిగ్గా చెయ్యలేదని రాయండి మేడమ్,
భేటీకి ఏడు నిమిషాలొస్తే
ఎలా చెయ్యాలో కూడా రాయండి’ అంది.
నమూనాలో ఆ ప్రశ్నకు గడి లేదు.

పేజీలు తిప్పుతుంటే కిందటేడు.
‘సమాధానకారక్’, ఐదుకు నాలుగు,
కింద నా సంతకం.
సంతకం చివర గీత కొంచెం సాగింది,
గుర్తొచ్చింది, అహేరి బస్సు హారన్ కొడుతోంది ఆవేళ.
మొత్తం నలభై నిమిషాలు కూర్చున్నాను.
టీ తాగడంతో కలిపి.

ఆ తర్వాతి ఫిబ్రవరిలోనే
ఏడో తరగతి లాల్సు మడావి గోడ దూకాడు.
అమ్మానాన్నలు మిర్చి ఏరడానికి నది దాటి పోయి నెలన్నర.
తెల్లారి ప్రాణహిత వంతెన మీద
ఇసుక లారీ ఆపి అడిగాడట:
‘మిర్చి ఎటుంది?’
తెచ్చి మళ్ళీ హాస్టల్లో వేశారు.
ఆ వారం కూడా అతని పేరు ఎదురుగా
సుధారణ.

ఇప్పుడు నా ఎదురుగా కూర్చున్నాడు,
మోకాలి మీద మానుతున్న పుండు గిల్లుకుంటూ.
ఒకటి నుంచి ఐదు దాకా, బాబూ,
నీ దిగులు ఎంత?
దిగులు అనే మాట తనలో తను రెండుసార్లు అనుకున్నాడు,
మాడియాలో దేనికో జత చేసి చూసుకున్నట్టు.
‘పొద్దుగాలనా, రాత్రినా?’ అన్నాడు.
పెన్ను కింద పెట్టాను.

పెద్దగా చేసిందేమీ లేదు.
బస్తాలు వంటశాలకు పోయాయి.
కిటికీ కింది సగానికి పెయింటు.
మైకు బందు.
ప్రణాలీకి తొమ్మిది బడులు నాలుగయ్యాయి, జీతం ఇంకా రాలేదు.
నీలం రేకు పీకించాం,
దాని చోట ఏం రాయాలో తేలలేదు,
మేకులు రెండూ అలాగే ఉన్నాయి.

ఈ ఏడు రిజిస్టరులో ముప్పై ఒక్క భేటీలు.
ఒక్కోటి పేజీన్నర, కొట్టివేతలతో,
ఒకచోట ‘ఏమీ మాట్లాడలేదు, మళ్ళీ వస్తానన్నాడు’ అని మాత్రమే.
గడ్చిరోలి నుంచి ఫోను:
రెండువందల పద్నాలుగు ముప్పై ఒకటెలా అయింది?
సేవలు పడిపోయినట్టే గదా, వివరణ రాసి పంపండి.

రాస్తున్నాను.
వరండా చివర తలుపుకు నలభై రూపాయల కొత్త గడియ.
ఎవరో వేస్తున్నారు, తీస్తున్నారు,
మళ్ళీ వేసి చూస్తున్నారు,
లోపలి నుంచి.